రెండు మచ్చల మధ్య చోటు

1
జ్యేష్ఠ శుద్ధ విదియ, సోమవారం

పడవలు చేసే గవర్రాజు, యాభై నాలుగేళ్ళు. మెదడు నాళంలో గడ్డను తినే జలగ వేశాక తీసిన మొదటి చిత్రంలో మచ్చ 35 మిల్లీలీటర్లు. ఇరవై నాలుగు గంటల తర్వాత రెండో చిత్రంలో, వాపు తీసివేయగా, 36. పెరుగుదల 1. యంత్రం గీత, నా గీత, సువార్త గీత మూడూ కలిశాయి. చలువ అవసరం లేదు.

ఈ పుస్తకంలో రాయవలసింది ఇంతే. గీత పని చేసేవాళ్ళు ఏ రోజు లెక్క ఆ రోజు తమ చేత్తో రాసి పెట్టాలని నియమం. పన్నెండేళ్ళుగా నేను ఇంతే రాస్తున్నాను. ఇవాళ్టి నుంచి కొంచెం ఎక్కువ రాయాలని ఉంది. కారణం అడిగితే చెప్పలేను. గవర్రాజు భార్య పోలమ్మ నా వైపు చూసిన చూపు మనసులో నుంచి పోవడం లేదు, అంతే.

పొద్దున లేచి స్నానం, దీపం, నామాలు అయ్యాక జడలో పిన్నులు తీసేసి నూలు దారంతో ముడి వేసుకున్నాను. మా ఆసుపత్రి బల్లకట్టు మీద తేలుతూ ఉంటుంది. అందులో సగం అయస్కాంతం గదే. ఇనుము దగ్గరకు రాకూడదు. వంటగదిలో ఆండాళ్ళు రాతి పెనం మీద దోసె తిరగేస్తూ చెక్క అట్లకాడను తిడుతోంది.

"ఈ చెక్కముక్కతో దోసె తీసే బదులు, ఆ పడుకున్నవాళ్ళ చేత తీయించడం నయం ఒదినా."

"అలా అనకూడదు ఆండాళ్ళూ."

"నువ్వు అనవు. నీ వాటా కూడా నేనే అంటాను. మీ మూడో కోడలు లేచిందా?"

మూడో కోడలంటే యంత్రం. నేనూ సువార్తా మొదటి ఇద్దరమట. ఏం చెప్పినా ఎదురు చెప్పదని యంత్రానికి ఆండాళ్ళు ఆ పేరు పెట్టింది. ఆండాళ్ళు నా ఆడపడుచు. మా ఆయన పోయాక మిగిలింది మేమిద్దరమే. మెరక మీద ఇంట్లోకి ఉప్పునీరు వచ్చిన ఏడు ఇద్దరం ఈ బల్లకట్టు ఎక్కాం. నాకు గీత పని, తనకు వంట.

మెదడు చిత్రం ఇరవై పొరలుగా వస్తుంది, సొరకాయను చక్రాలుగా కోసినట్టు. చచ్చిన భాగం తెల్లగా కనిపిస్తుంది. దాని చుట్టూ కలంతో గీత గీయాలి. గీత కలవగానే లోపలంతా ఎర్రగా నిండుతుంది. ఆ ఎరుపు ఎంతో యంత్రం చెబుతుంది. తను కూడా విడిగా ఒక గీత గీస్తుంది. మూడూ కలిస్తే ఆ అంకె ఖాయం. రెండే కలిస్తే మూడోదాన్ని కొట్టేస్తారు. పెరుగుదల పది దాటితే తలకు చలువ టోపీ పెడతారు, మూడు రోజులు. పది లోపు ఉంటే పెట్టరు.

నేను కలం ఆనిస్తే మొదలూ చివరా కలిసేదాకా చెయ్యెత్తను. సువార్తకూ అదే నేర్పాను.

2
పంచమి, గురువారం

గవర్రాజుకు మాట పోయింది.

ఆదివారం నాళంలోకి జలగను పంపి గడ్డను తినిపించగానే ఆయన లేచి కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. నేను చూశాను. ఇవాళ గొంతులో నుంచి మూలుగు తప్ప ఏమీ రావడం లేదు. పోలమ్మ వార్డు గుమ్మం దగ్గర నన్ను ఆపింది.

"మొన్న నన్ను పేరెట్టి పిలిచాడమ్మా. పెరగలేదన్నారు కదా మీరు? పెరగకపోతే ఆ మాట ఎక్కడికి పోయింది?"

"కొంతమందికి టైము పడుతుంది పోలమ్మా."

"నా మొకం చూసి చెప్పమ్మా."

తల దించుకుని అక్కడి నుంచి వచ్చేశాను.

గదికి వచ్చి పాత పేజీలు తిరగేశాను. ఉగాది నుంచి ఇప్పటిదాకా జలగ వేసినవాళ్ళు పంతొమ్మిది మంది. చలువ ఇచ్చింది ఒక్కరికి. మిగిలిన పద్దెనిమిది మందిని వార్డు పుస్తకంలో పేరు పేరునా వెతికాను. ఏడుగురికి మూడు నాలుగు రోజుల్లో మాటో చెయ్యో పోయింది. ఆ ఏడుగురికీ నా పుస్తకంలో పెరుగుదల రెండు దాటలేదు. మూడు గీతలూ ప్రతిసారీ కలిశాయి.

మనుషులు ఒకటి చెబుతున్నారు, అంకెలు ఇంకొకటి చెబుతున్నాయి. అబద్ధం ఆడవలసిన అవసరం మనుషులకు లేదు. అంకె చేత ఎవరో అబద్ధం ఆడిస్తున్నారు. అలా అనుకున్నందుకు స్వామికి దణ్ణం పెట్టుకున్నాను. అయినా ఆ అనుమానం పోలేదు.

3
షష్ఠి, శుక్రవారం

ముందు నాకు వాపు మీద అనుమానం కలిగింది. మూడు గీతల తర్వాత యంత్రం ఒక్కతే చేసే లెక్క అది. అక్కడ మేమెవరం చెయ్యి పెట్టం.

డాక్టర్ నిఖత్ గారు చిన్నావిడ, ముప్ఫై దాటి ఉండవు. టీ తాగుతూ ఉంటే వెళ్ళి అడిగాను.

"చచ్చిన చోట నీరు చేరుతుందమ్మా. నానబెట్టిన అప్పడంలా ఉబ్బుతుంది. ఉబ్బినంత మాత్రాన ఎక్కువ చచ్చినట్టు కాదు. అందుకని రెండో చిత్రాన్ని మొదటిదాని మీద సరిగ్గా కూర్చి, ఉబ్బింది ఎంతో తీసేస్తాం. మిగిలిందే నిజమైన పెరుగుదల."

"ఎంత తీసేయాలో ఎవరు చెబుతారు?"

"యంత్రం."

"అది ఎక్కువ తీసేస్తే?"

ఆవిడ కప్పు కింద పెట్టారు. "మీతో ఎవరైనా ఏమైనా అన్నారా తాయారు గారూ?"

"లేదండీ. ఊరికే."

నేను బయటికి వచ్చాక ఆవిడ లేచి తలుపు వేసుకున్నారు. ఎప్పుడూ వేసుకోరు. అది కూడా ఇక్కడ రాస్తున్నాను.

మధ్యాహ్నం భోజనం మానేసి గవర్రాజు రెండో చిత్రం మీద పలచటి గళ్ళ కాగితం పరిచాను. మెదడులో మంచి వైపు సగాన్ని, చెడ్డ వైపు సగాన్ని పొర పొరకూ గళ్ళు లెక్కపెట్టి పోల్చాను. ఇరవై పొరలకు మూడు గంటలు పట్టింది. వాపు నాలుగు అంది యంత్రం. నాకూ నాలుగే వచ్చింది.

వాపు దగ్గర దొంగతనం లేదు. ఉండి ఉంటే నాకు సులువుగా ఉండేది.

4
సప్తమి, శనివారం

చలువ టోపీకి కావలసిన గ్యాసు ఏడాదికి రెండుసార్లు రేవు నుంచి వస్తుంది. సామాను గది, దాని తాళాలు, దాని పుస్తకం అన్నీ దైవాధీనం గారి చేతిలో ఉంటాయి. ఒక మనిషికి మూడు రోజులకు ఒక సిలిండరు. పెరుగుదల పది దాటిందంటే ఆయన దగ్గర ఒక సిలిండరు తగ్గుతుంది. ఈ మాట నాకు నిన్న రాత్రి జపం మధ్యలో తట్టింది.

ఇవాళ బల్లకట్టు వెనక కట్టిన సామాను తెప్ప మీదకు వెళ్ళాను. ఆయన తలుపు తెరిచి సిలిండర్లు తడిమి లెక్కపెడుతున్నారు. పదకొండు. అన్నిటికీ సీలు అలాగే ఉంది. నన్ను చూడగానే ఒళ్ళో పుస్తకం మూసేశారు.

"ఏం పనమ్మా ఇటొచ్చారు?"

"ఊరికే వచ్చానండీ."

"ఊరికే ఈ గదికి ఎలకలు కూడా రావు." ఆయన నవ్వలేదు. కాసేపు చేతిలో తాళం తిప్పారు. "అమ్మా, ఒకటి అడుగుతాను. మీ గీత ఎప్పుడైనా తప్పిందా?"

"దేవుడి దయ వల్ల ఇంతవరకూ తప్పలేదండీ."

"అదే అనుకున్నాను," అన్నారు. ఆ అనడం నాకు నచ్చలేదు.

గీత గదిలో సువార్తతో చెప్పాను. సువార్తకు నలభై. నా దగ్గరే పని నేర్చుకుంది. ప్రతి చిత్రానికి ముందు యేసయ్యకు ఒక మాట చెప్పుకుని గానీ కలం పట్టదు. తర్వాత మాత్రం నోరు ఆగదు.

"ఆ గ్యాసు చేపల వాళ్ళకు అమ్ముతున్నాడేమో అక్కా. రొయ్యలకి చలువ కావాలిగా."

"ఛ, అలా అనకు. పాపం."

"పాపం ఆయనకా, రొయ్యలకా?"

నోటితో వద్దన్నాను గానీ, నా మనసులో ఆయన పొద్దుటే దొంగ అయిపోయారు.

5
నవమి, సోమవారం

ఆండాళ్ళు పడిపోయింది.

ఏడు గంటలకు వంటగదిలో నుంచి పిలిచింది. "ఒదినా, ఆ గొడుగు ఇలా అందుకో." వంటగదిలో గొడుగు ఏమిటని వెళ్ళాను. అట్లకాడ వైపు చూపిస్తోంది. చూపించేది ఎడమ చెయ్యి. కుడి చెయ్యి వేలాడుతోంది. నేను పట్టుకునే లోపే పిండి గిన్నెతో సహా జారిపోయింది.

డాక్టర్ నిఖత్ గారు జలగ వేశారు. నలభై నిమిషాలు. నేను తలుపు బయట నిలబడి నామాలు చెప్పుకున్నాను, ఎన్నిసార్లో లెక్క లేదు. గడ్డ పోయింది. ఆండాళ్ళు కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"ఏంటొదినా ఆ ఏడుపు? దోసె మాడిందా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. గవర్రాజు కూడా మొదటి రోజు మంచినీళ్ళు అడిగాడు.

తొమ్మిదింటికి మొదటి చిత్రం తీశారు. చలువ పెట్టాలంటే మొదటి చిత్రం నుంచి ముప్ఫై గంటల లోపు మొదలుపెట్టాలి. ఆ తర్వాత పెట్టినా ఫలితం ఉండదు. అంటే రేపు మధ్యాహ్నం మూడు గంటలదాకా మాకు గడువు.

బంధువుల చిత్రం మేము గీయకూడదు. గది బయటే ఉండాలి. సువార్త గీసింది, యంత్రం గీసింది. ఇద్దరికీ 39. రెండో మనిషి గీత కూడా కావాలి. వైద్యం చేసిన డాక్టరు గీయకూడదు. చదవను రాయను వచ్చిన మరెవరైనా గీయవచ్చని నియమం. ఈ బల్లకట్టు మీద అలాంటివారు దైవాధీనం గారొక్కరే. రేపు రెండో చిత్రం కూడా వచ్చాక రెండూ కలిపి గీస్తానన్నారు.

నా ఆడపడుచు మాట ఉంటుందో పోతుందో ఆ మనిషి చేతిలో పడింది. ఆయన పదకొండు సిలిండర్లూ కళ్ళ ముందు కదులుతున్నాయి.

6
దశమి, మంగళవారం

ఇవాళ్టిది తీరిగ్గా రాస్తాను. ఒక్క ముక్క కూడా వదలకూడదు.

పొద్దున ఆండాళ్ళు మంచినీళ్ళు అడగబోయి "ఉప్పు" అంది. మందు ఇస్తే ఉప్పు, దుప్పటి కప్పితే ఉప్పు. తనకు తెలుస్తోంది. ప్రతిసారీ ముఖం చిట్లించుకుని మళ్ళీ ప్రయత్నిస్తోంది. "నీ వాటా కూడా నేనే అంటాను" అన్న మనిషి.

తొమ్మిదింటికి రెండో చిత్రం తీశారు. పదింటికి సువార్త బయటికి వచ్చింది.

"41 అక్కా. యంత్రానికీ అంతే. రెండే పెరిగింది. భయపడకు."

"దైవాధీనం గారికి?"

సువార్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఆయన గీత చూడాలి నువ్వు! బొబ్బర్లు ఆరబోసినట్టుంది. పక్కపక్కనే ఉన్నదాన్ని రెండు ముక్కలుగా గీశారు. మొదటి చిత్రం 27 అట, రెండోది 41 అట. పద్నాలుగు పెరిగిందట. డాక్టరు గారు కొట్టేశారు. రెండు కలిశాయి కదా, మూడోది లెక్కలోకి రాదు."

నియమం అదే. నాకు తెలుసు. పన్నెండేళ్ళలో నేనూ ఎన్నో కొట్టివేయించాను.

కానీ పక్కన బల్ల మీద కూర్చుంటే లెక్క కుదరలేదు. గ్యాసు దాచుకోవాలనుకునేవాడు పద్నాలుగు అని ఎందుకు అంటాడు? మాలాగే గీసి ఊరుకుంటే ఆయన సిలిండరు ఆయనకు మిగిలేది కదా. నా దొంగ నా వైపే ఎందుకు మాట్లాడాడు?

లేచి వెనక తెప్పకు వెళ్ళాను. ఈసారి ఊరికే అనలేదు.

"మీరు నిజం చెప్పాలి. ఆ పుస్తకంలో ఏముంది?"

ఆయన పుస్తకం తెరిచి నా ముందు పెట్టారు. లెక్కలు కాదు. రేవులో ఉన్న పెద్ద ఆఫీసుకు రాసిన ఉత్తరాల నకళ్ళు, మూడు. ఈ బల్లకట్టు మీద చలువ అవసరమైనవాళ్ళకు అందడం లేదని అనుమానంగా ఉంది, గీతలు తనిఖీ చేయించండి. మూడింటికీ జవాబు రాలేదు.

"నాకు మీ మీదే అనుమానం అమ్మా," అన్నారు మెల్లగా. "ఎన్నాళ్ళ నుంచో. మీరు చాలా మంచివారు. అందుకే మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు."

కోపం రావాలి. రాలేదు. గవర్రాజు పేజీ కళ్ళ ముందుకు వచ్చింది.

"మీరు మొదటి చిత్రంలో రెండు ముక్కలుగా ఎందుకు గీశారు?"

"రెండున్నాయి కాబట్టి."

"అవి అంత దగ్గరగా ఉన్నాయి కదండీ."

"దగ్గరగా ఉంటే ఒకటే అయిపోతాయా? నేనూ మా తమ్ముడూ ఒకే మంచం మీద పెరిగాం. ఇద్దరికీ విడివిడిగానే జ్వరాలొచ్చేవి."

గీత గదికి వచ్చాను. గడప దాటకూడదు. గడప బయట నిలబడే అడిగాను. "సువార్తా, మొదటి చిత్రం మీద ఎరుపు తీసెయ్యి."

"ఎందుకక్కా? అయిపోయింది కదా."

"తీసి చూపించు."

ఎరుపు తీశాక వట్టి చిత్రం మిగిలింది. పదకొండో పొర. ఎడమ వైపు మామిడిజీడంత తెలుపు. దాని కింద చింతగింజంత ఇంకో తెలుపు. రెండిటి మధ్యా బూడిద రంగు. మెదడులో మిగతా మంచి భాగం ఏ రంగులో ఉందో అదే రంగు.

రెండో చిత్రం చూపించమన్నాను. అదే పొరలో మధ్య చోటు తెల్లబడింది.

నేను ఆరేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు మా నాయనమ్మ వాకిట్లో ముగ్గు నేర్పింది. చుక్కలన్నీ కలుపుకుంటూ పిండి ఒకే ధారగా రావాలి. మధ్యలో చెయ్యెత్తావా, ఆ సందులో నుంచి అరిష్టం ఇంట్లోకి వస్తుందని వేళ్ళ మీద కొట్టేది. గీత పనికి పరీక్ష పెట్టిన రోజు ఇరవై మంది వచ్చారు. అందరికంటే శుభ్రంగా నా గీతలే ఉన్నాయన్నారు. ఎక్కడా సందు లేదన్నారు. ఏ మచ్చకు ఆ మచ్చ విడిగా గీయాలని నియమాల్లో రాసి ఉంది. నేను చదివాను. కానీ పక్కపక్కనే ఉన్నవి ఒకటే కదా అనుకుంది నా చెయ్యి. రెండిటినీ కలుపుకుని చుట్టూ ఒకే గీత గీసింది. గీత కలవగానే మధ్య చోటు కూడా ఎర్రగా నిండిపోయేది. కింద ఏముందో ఆ తర్వాత ఎవరికీ కనపడదు, నాకు కూడా.

బతికున్న భాగాన్ని మొదటి రోజే చచ్చినదానిలో కలిపేశాను. మర్నాడు అది నిజంగానే చస్తే, కొత్తగా చచ్చింది ఏమీ లేనట్టు లెక్క వచ్చింది.

యంత్రానికి నేర్పింది నా గీతలే. మొదటి ఏడాది నాలుగు వేల పొరలు గీసి ఇచ్చాను. సువార్తకు నేర్పిందీ నేనే. మూడు గీతలూ కలిశాయని పన్నెండేళ్ళు రాశాను. నిజానికి అవి మూడూ నా గీతలే.

అప్పటికి టైము ఒంటిగంటా పది.

డాక్టర్ నిఖత్ గారి గదిలో పెద్ద పంకా తిరుగుతోంది. నా గొంతు ఎప్పుడూ చిన్నదే. రెండుసార్లు చెప్పినా ఆవిడకు వినపడలేదు. "పంకా ఆపండి," అన్నాను. ఆపారు. మొత్తం చెప్పాను.

ఆవిడ ముఖం ఎర్రబడింది. "తాయారు గారూ, మీరు బంధువు. ఆడపడుచు కోసం అంకె మార్పిస్తున్నారంటారు."

"అనాలి కూడా. నేనైనా అంటాను. అందుకే నా మాట తీసుకోకండి. గవర్రాజు మొదటి చిత్రం తీసి ఎరుపు లేకుండా చూడండి."

చూశారు. రెండు తెలుపులు, మధ్య బూడిద రంగు. నేను మిగిలిన ఆరు పేర్లూ చెప్పాను. ఒక్కొక్కటీ తీశారు. ఏడుగురికీ మధ్యలో చోటు ఉంది.

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. "అయ్యో," అన్నారు. ఒక్క మాటే.

తర్వాత గట్టిగా అన్నారు. "సువార్త మళ్ళీ గీయాలి. దైవాధీనం గారి గీతతో కలిస్తే టోపీ పెడతాను. యంత్రాన్ని పక్కన పెట్టండి."

సువార్త కలం పట్టుకుంది. మామిడిజీడి చుట్టూ వచ్చి, కలపవలసిన చోట కలపకుండా చింతగింజ వైపు దిగిపోయింది. చెరిపింది. మళ్ళీ అంతే. మూడోసారి కలం బల్ల మీద పడేసింది.

"నాకు రావడం లేదక్కా! చెయ్యి దానంతటదే పోతోంది. ఎనిమిదేళ్ళు వేళ్ళ మీద కొట్టి నేర్పావు, ఇప్పుడు వద్దంటే ఎలా?"

నేను దాన్ని ఎప్పుడూ కొట్టలేదు. కొట్టినట్టే నేర్పానేమో.

"చెయ్యెత్తు సువార్తా," అన్నాను గడప అవతల నుంచి. "పెద్దదాన్ని కలిపేసి చెయ్యెత్తు. గాలిలో ఉంచు. యేసయ్యకు ఒక మాట చెప్పుకో. తర్వాత చిన్నదాని దగ్గర దించు."

పొర పొరకూ అదే చెప్పాను. ఇరవై పొరలకు ఇరవైసార్లు. మొదటి చిత్రం 28, రెండోది 41. పెరుగుదల 13. ఒకటి అటూ ఇటూ అయినా కలిసినట్టే లెక్క.

రెండూ నలభైకి ఆండాళ్ళు తలకు టోపీ బిగించారు. సిలిండరు దైవాధీనం గారే భుజాన మోసుకొచ్చారు.

సాయంత్రం డాక్టరు గారు నా గదికి వచ్చారు. "ఇదంతా పుస్తకంలో రాస్తారా?"

"రాస్తానండీ."

"రాస్తే మళ్ళీ మిమ్మల్ని కలం పట్టనివ్వరు."

"పట్టకూడదు కదండీ."

7
త్రయోదశి, శుక్రవారం

టోపీ తీశారు. మూడో చిత్రంలో మచ్చ 42. ఆగింది.

ఆండాళ్ళు చాలాసేపు నన్ను చూసింది. పెదాలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

"ఒదినా... నెత్తిన... ఐసు... ఎవడు పెట్టాడు?"

"దైవాధీనం గారు."

"వాడి... మొహం."

కుడి చేతి బొటనవేలు కదులుతోంది. మిగతా వేళ్ళు ఇంకా కదలడం లేదు. అట్లకాడను చూపిస్తే పేరు రాలేదు. కానీ ఉప్పు అనలేదు. తెలియదన్నట్టు తల ఊపింది. డాక్టరు గారు అది మంచిదన్నారు.

రేవు నుంచి కబురు వచ్చింది. యంత్రాన్ని ఆపారు. నన్ను గీత పని నుంచి తీసేశారు. పాత చిత్రాలన్నీ ఎరుపు తీసి చూసి, మధ్య చోటు ఉన్నవాళ్ళ జాబితా రాయమన్నారు. ఇప్పటికి పన్నెండేళ్ళలో ఆరేళ్ళవి చూశాను. తొంభై ఎనిమిది మంది.

యంత్రానికి మళ్ళీ నేర్పడానికి వేర్వేరు పనుల వాళ్ళను ఐదుగురిని పిలిచారు. దైవాధీనం గారు మొదట కూర్చున్నారు. వెనక నిలబడి ఆయన గీతలు చూశాను. పెద్దవి బాగానే గీస్తున్నారు. గింజ కంటే చిన్న మచ్చలను వదిలేస్తున్నారు. చెప్పాను.

"అంత చిన్నవి ఎందుకమ్మా, లెక్కలోకి రావు," అన్నారు.

ఆ మాట విని భయం వేసింది. రాసి పెట్టుకున్నాను.

8
పూర్ణిమ, ఆదివారం

జాబితాలో ఉన్నవాళ్ళకు ఉత్తరాలు పంపుతామని ఆఫీసువాళ్ళు అన్నారు. గవర్రాజుకు నేనే చెబుతానన్నాను. ఆయన్ను మొన్ననే మెరక మీదకు పంపేశారు. మొదటి చిత్రంలో పదకొండో పొరను కాగితం మీద తీయించుకుని, చిన్న పడవలో వెళ్ళాను.

ఆయన గుమ్మంలో చాప మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సగం చేసిన పడవ ఒకటి పక్కనే బోర్లించి ఉంది. పోలమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. నన్ను రమ్మనలేదు, వెళ్ళమనలేదు.

నేను నిలబడే చెప్పాను. మచ్చ పద్నాలుగు పెరిగిందని, అంటే మూడు చెంచాల దాకా అని, నేను ఒకటే అని రాశానని, టోపీ పెట్టాల్సిందని. చెయ్యి అలవాటు గురించి కూడా చెప్పాను. అది చెబుతున్నప్పుడు ఎంత చిన్న కారణమో నాకే వినిపించింది.

పోలమ్మ చేట కింద పెట్టింది.

"మీ ఆడపడుచు మాట్లాడుతోందంట."

"కొంచెం."

"ఆవిడకి పెట్టారంట ఆ టోపీ."

"పెట్టారు."

"మీ మనిషి కాబట్టి కనపడింది నీకు."

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ ఏడుగురిని నేను ముందే వెతికాను, వాపు లెక్క చూశాను, సామాను గదికి వెళ్ళాను. అవన్నీ నిజమే. కానీ ఆ ఐదారు రోజుల్లో ఎరుపు తీసి కింద చూడాలని ఒక్కసారి కూడా నాకు తోచలేదు.

"అవును," అన్నాను. "తను కాకపోయి ఉంటే ఇప్పటికీ చూసి ఉండేదాన్ని కాదేమో."

గవర్రాజు గొంతులో చప్పుడు చేశాడు. ఎడమ చెయ్యి నా చేతిలో కాగితం వైపు చాచాడు. ఇచ్చాను. ఒళ్ళో పరుచుకుని చాలాసేపు చూశాడు, పడవ చెక్క కొనే ముందు పగుళ్ళు చూసే మనిషిలా. పెద్ద తెలుపు మీద వేలు పెట్టి నా వైపు చూశాడు.

"అది అప్పటికే పోయింది," అన్నాను.

చిన్న తెలుపు మీద పెట్టాడు.

"అది కూడా."

వేలు మధ్యలోకి తెచ్చాడు. బూడిద రంగు మీద ఆపాడు.

"అది ఆ రోజుకి బతికే ఉంది."

"అందులో ఏముంటది?" పోలమ్మ అడిగింది.

"మాట."

గవర్రాజు తల ఎత్తలేదు. వేలు అక్కడి నుంచి తీయలేదు. పోలమ్మ వచ్చి ఆయన పక్కన చాప మీద కూర్చుంది. పొద్దు వాలేదాకా నేను అక్కడే నిలబడ్డాను. పడవవాడు రెండుసార్లు కేక వేశాడు. ఆ కాగితం ఆఫీసుకు తిరిగి ఇవ్వాలి. ఆయన వేలి కింద నుంచి లాగడానికి నాకు చెయ్యి రాలేదు. అక్కడే వదిలి వచ్చాను. కాగితం పోయిందని కాదు, నేనే ఇచ్చి వచ్చానని ఇక్కడ రాస్తున్నాను.